మూడు ముక్కల విల్లు

పిల్లలూ! హిందూపురం దగ్గరి లేపాక్షి ఆలయం ఎప్పుడైనా చూశారా? అక్కడి మంటపం కప్పు మీద విజయనగర రాజుల కాలపు రంగుల బొమ్మలున్నవి. కిరాతుడి వేషంలో శివుడు వచ్చి, అర్జునుడితో అడవిపంది కోసం తగవుపడిన కథ కూడా వాటిలో ఉన్నది.

ఆ బొమ్మలు చూసి వచ్చిన మా తాడిమర్రి కుర్రవాడొకడు తనకూ విల్లు కావాలని పట్టుపట్టాడు. వాడికి పన్నెండేళ్ళు. ఒకనాటి సాయంత్రం వాడి తండ్రి వాణ్ణి వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"పెరిగే పిల్లోడు గదా సార్! కొంచెం గట్టి విల్లే కొందామనుకుంటున్నా. పదేండ్లు పనికొస్తాది," అన్నాడు.

"చొక్కా వదులైతే మడిచి కుట్టించవచ్చు నాయనా! విల్లు గట్టిదైతే భుజాన్ని మడిచి కుట్టలేము గదా!" అన్నాను నేను.

అలాగని ఏటేటా కొత్త విల్లు కొనడం మాత్రం ఎవరి తరం? ఈ చిక్కు విప్పటానికే మూడు ముక్కల విల్లు ఉన్నది. దీన్ని టేక్‌డౌన్ రికర్వ్ అంటారు. నడుమ చేతితో పట్టుకునే పిడి ఒకటి; దాన్ని రైజర్ అంటారు. పైన ఒక బద్ద, కింద ఒక బద్ద. బద్దల కొసలు ముందుకు వంపు తిరిగి ఉంటవి. మూడింటినీ విడదీసి సంచిలో పెట్టుకోవచ్చు. పిల్లవాడు పెరిగినప్పుడు పిడి అలాగే ఉంచి, బద్దలు మాత్రం మార్చుకోవచ్చు. అందుచేత పిడిని రేపటి కోసం కొనాలి. బద్దలను ఈనాటి బలాన్ని చూసి కొనాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

పిడి కొయ్యదీ ఉంటుంది, లోహందీ ఉంటుంది. లోహమంటే ఎక్కువగా అల్యూమినియం. అది నీటి కంటే 2.7 రెట్లు బరువు. కొయ్య సాధారణంగా నీటి మీద తేలుతుంది. బరువైన వస్తువు తొందరగా కదలదు. ఖాళీ బిందె చెయ్యి తగిలితే దొర్లుతుంది, నిండు బిందె కదలదు గదా! అలాగే బాణం వదిలే క్షణంలో బరువైన పిడి అటూ ఇటూ ఊగదు.

ఆ బరువును మోయగలరా? ఇంట్లోనే పరీక్షించుకోండి. లోహపు పిడి ఇంచుమించు ఒక కిలో ఉంటుంది, కొన్ని ఇంకా ఎక్కువ. లీటరు నీళ్ళ సీసాను ఎడమచేత చాచి పట్టుకుని పది లెక్కపెట్టండి. చెయ్యి వాలిపోతే ఇప్పటికి తేలికైన కొయ్య పిడే మంచిది.

పిడి కొనేటప్పుడు ఐ.ఎల్.ఎఫ్. అనే అమరిక ఉన్నదేమో అడగండి. ఉంటే, అదే అమరికతో వేరే కంపెనీ చేసిన బద్దలు కూడా దానికి సరిపోతాయి. గురి చూసే సాధనమేదీ లేకుండా, కంటినీ చేతినీ నమ్మి వేసేది సంప్రదాయ విలువిద్య. లోహపు పిడికి ఆ సాధనాలు బిగించే రంధ్రాలుంటాయి. ఇప్పుడు వాటిని ఖాళీగా వదిలేయవచ్చు, ముందుముందు కావాలంటే వాడుకోవచ్చు. అయితే కొన్ని సంప్రదాయ పోటీలలో కొయ్య పిడినే అనుమతిస్తారు. పోటీకి వెళ్ళదలచినవారు ముందే నియమాలు తెలుసుకోవాలి.

ఇక కొలతలు. ముందు ఏ కన్ను ప్రధానమో చూడండి. రెండు అరచేతుల నడుమ చిన్న సందు చేసి, దూరాన ఉన్న చెట్టును అందులోంచి చూడండి. ఒక్కొక్క కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు చెట్టు కనిపిస్తుందో అదే ప్రధానమైన కన్ను. అది కుడికన్నయితే విల్లు ఎడమచేత పట్టి, కుడిచేత నారి లాగాలి.

తరువాత చేతులు బార చాచి, ఒక కొననుంచి రెండో కొనకు అంగుళాలలో కొలవండి. దాన్ని రెండున్నరతో భాగిస్తే, మీరు నారిని ఎంత వెనక్కు లాగగలరో సుమారుగా తెలుస్తుంది. మా కుర్రవాడి బార 60 అంగుళాలు. అంటే లాగుడు 24. వాడికి 23 అంగుళాల పిడి, పొట్టి బద్దలు కలిసి 64 అంగుళాల విల్లు సరిపోతుంది. 28 అంగుళాలు లాగే పెద్దవాళ్ళకు 25 అంగుళాల పిడితో 68 అంగుళాల విల్లు కావాలి.

బద్దల మీద పౌన్లలో ఒక అంకె ఉంటుంది. అది 28 అంగుళాలు లాగినప్పటి బలం. తక్కువ లాగితే బలమూ తగ్గుతుంది. అందుచేత అంకెను నమ్మి ఊరుకోక, నారికి స్ప్రింగు త్రాసు తగిలించి, పిల్లవాడు లాగేటంత దూరం లాగి చూడమనండి. మొదట 14, 15 పౌన్లు చాలు. అంటే దాదాపు ఏడు కిలోలు. ఇంతేనా అనుకోకండి. ఒక సాయంత్రం నలభై బాణాలు వేస్తే, ఆ ఏడు కిలోలను నలభైసార్లు లాగినట్లే! పూర్తిగా లాగి పది లెక్కపెట్టేలోగా చెయ్యి వణికితే ఆ బద్దలు మీవి కావు. వణికే చెయ్యి గురి నేర్వదు, తప్పులు నేర్చుకుంటుంది. భుజం నొప్పి దాని వెంటే వస్తుంది.

పాత బద్దలు కొంటే దూదిపింజతో మెల్లగా తుడవండి. దూది ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ బీట ఉన్నదన్న మాట. నారి బద్ద నడిమి గీత మీదుగా పోతున్నదో లేదో కూడా చూడండి. పక్కకు పోతే బద్ద మెలి తిరిగి ఉండవచ్చు.

బాణం లేకుండా నారిని లాగి ఎన్నడూ వదలకండి. వంగిన బద్దలలో దాగిన శక్తి బాణంతో పోవాలి. బాణం లేకపోతే ఆ శక్తి తిరిగి బద్దలనే విరుస్తుంది. మనుషులూ మేకలూ తిరిగే చోట వేయకండి. వెనుక ఎత్తైన మట్టికట్ట, పక్కన పెద్దవాళ్ళు ఉండాలి.

విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్ పట్టేది ఇటువంటి రికర్వ్ విల్లే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో నాలుగవ స్థానం పొందాడు. ఒలింపిక్స్‌లో గురి 70 మీటర్ల దూరం; నడిమి పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకాలు గెలిచిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్ విల్లు. దానికి చక్రాలుంటాయి, అది వేరే జాతి.

మా కుర్రవాడి సంగతి చెప్పలేదు కదూ! తండ్రి గట్టి పిడీ, మెత్తని బద్దలూ కొన్నాడు. మొదట వాడు ముఖం ముడుచుకున్నాడు. "ఇది చిన్నపిల్లల విల్లు సార్!" అన్నాడు. ఏడాది తిరిగేసరికి పది అడుగుల నుంచి ముప్ఫై అడుగులకు జరిగాడు. ఇప్పుడు 20 పౌన్ల బద్దలు అడుగుతున్నాడు. పిడి మాత్రం అదే.