కుర్ర బాక్సరుకు ఎవరితో పోటీ పెట్టాలి?

బాక్సింగ్ పోటీలు నడిపే కంపెనీకి మీరే యజమాని అనుకోండి. ఇటువంటి కంప్యూటర్ ఆటలు కొన్ని ఉన్నాయి. వీటిలో మీరు పిడికిలి బిగించనక్కరలేదు. ఎవరిని ఎవరితో తలపడనివ్వాలో నిర్ణయిస్తే చాలు, గెలుపోటములను కంప్యూటరు తేలుస్తుంది. కొత్తగా వచ్చిన కుర్రవాణ్ణి మీరు పెద్ద తారను చేయాలి. ఎలా?

"ఏముంది, బలహీనుల మీదికి వదిలితే సరి!" అంటారా? లెక్క వేసి చూద్దాం.

ఒక్కొక్క ఆటది ఒక్కొక్క లెక్క. మనం సులువైన దానిని తీసుకుందాం. అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆర్పాడ్ ఎలో చదరంగం ఆటగాళ్ళ కోసం దీనిని రూపొందించాడు. ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో దీనిని స్వీకరించింది. ఇందులో ప్రతి ఆటగాడికీ ఒక రేటింగు ఉంటుంది. రేటింగులు సమానమైతే గెలిచే అవకాశం చెరిసగం. తేడా 400 ఉంటే, 11 పోటీలలో 10 పైవాడివి, 1 కిందివాడిది. కంప్యూటరు ఈ పాళ్ళలో చీటీలు వేసి ఒకటి తీస్తుందన్నమాట. అందుకే బలవంతుడు కూడా అప్పుడప్పుడు ఓడతాడు.

పోటీ అయ్యాక ఓడినవాడి పాయింట్లు కొన్ని గెలిచినవాడికి పోతాయి. ఫలితం ఎంత ఊహించనిదైతే అంత ఎక్కువ. గరిష్ఠం 20 అనుకుందాం. సమానుణ్ణి ఓడిస్తే 10 వస్తాయి. 400 తక్కువ ఉన్నవాణ్ణి ఓడిస్తే 1.8 మాత్రమే. వాడి చేతిలో ఓడితే మాత్రం 18 పోతాయి!

అంటే బలహీనులను పదిమందిని వరసగా ఓడించినా 18కి మించి రావు. పైగా ఆ పదీ గెలిచే అవకాశం నూటికి 39 పాళ్ళే. 10/11ను పదిసార్లు వేసుకుని గుణించి చూడండి. సమానుల మీదనైతే రెండు గెలుపులతోనే దాదాపు 20 వస్తాయి.

పోనీ, ఏకంగా మహావీరుడి మీదికి పంపితే? ఓడినా పోయేవి రెండు పాయింట్లే. కాని తిన్న దెబ్బలు ఈ లెక్కలోకి రావు మరి!

ఇందులో ఒక కిటుకు ఉంది. రేటింగు సరిగ్గా ఉన్నవాడికి ఎవరితో పెట్టినా చివరికి లాభనష్టాలు సరిసమానమే: పదిసార్లు 1.8 వస్తే, ఒకసారి 18 పోతుంది. సాధనతో అసలు సత్తా రేటింగును దాటిపోయినవాడే పైకి వస్తాడు. అది త్వరగా బయటపడేది సమానులతో, లేదా కాస్త పైవాళ్ళతో తలపడినప్పుడే.

దీనికి తిరగబడ్డ సందర్భం కూడా ఉంది. వయసు మీరిన వీరుడికి సత్తా తగ్గుతుంది, పేరు అంత త్వరగా తగ్గదు. అతణ్ణి ఓడించినవాడికి ఆ పేరులో వాటా దక్కుతుంది. జో లూయీస్ 1937 నుంచి 1949 వరకు హెవీవెయిట్ ప్రపంచ విజేత. 1951 అక్టోబరులో, 37 ఏళ్ళ వయసులో, న్యూయార్కులో రాకీ మార్సియానో చేతిలో ఓడిపోయాడు. మరుసటి ఏడే మార్సియానో ప్రపంచ విజేత అయ్యాడు.