సన్ సిటీ (అరిజోనా)

సన్ సిటీ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అరిజోనా రాష్ట్రములో, ఫీనిక్స్ నగరానికి వాయువ్య దిశలో ఉన్న విశ్రాంత జీవుల నివాస పట్టణము. ఇది మారికోపా కౌంటీలో ఉన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారము ఇక్కడి జనాభా 39,931. ఇది వృద్ధాశ్రమము కాదు; ఇక్కడివారు సొంత ఇళ్ళలో స్వతంత్రముగా జీవిస్తారు. పిల్లలు నివసించని ఈ పట్టణానికి పురపాలక సంఘము కూడా లేదు. అందువలన ఇక్కడ అనేక పనులు నివాసుల స్వచ్ఛంద సేవపై ఆధారపడి నడుస్తాయి.

చరిత్ర

పూర్వము ఈ ప్రాంతములో పత్తి పొలాలు ఉండేవి. గృహనిర్మాత డెల్ వెబ్ సంస్థ 1960 జనవరి 1న ఐదు నమూనా ఇళ్ళు, దుకాణ సముదాయము, వినోద కేంద్రము, గోల్ఫ్ మైదానములతో దీనిని ప్రారంభించినది. మొదటి మూడు రోజులలో సుమారు లక్ష మంది చూడడానికి వచ్చారు. ఉద్యోగ విరమణ తరువాతి జీవితాన్ని విశ్రాంతిగా కాక, చురుకైన కాలముగా చూపడము ఈ పట్టణపు ప్రత్యేకత.

నివాస నియమాలు

ప్రతి ఇంటిలో కనీసము ఒకరికి 55 సంవత్సరములు నిండి ఉండాలి. 19 ఏళ్ళ లోపువారు శాశ్వతముగా నివసించరాదు. మనుమలు, మనుమరాళ్ళు సంవత్సరానికి 90 రోజుల వరకు అతిథులుగా ఉండవచ్చును.

దైనందిన జీవితము

వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కనుక నడక, గోల్ఫ్ వంటివి తెల్లవారుజామునే మొదలవుతాయి. దగ్గరి దూరాలకు చాలామంది గోల్ఫ్ బండ్లలోనే వెళ్తారు. వినోద కేంద్రములలో ఈత కొలనులతో పాటు వడ్రంగము, కుండల తయారీ, కుట్టుపని వంటి వాటికి పనిశాలలు ఉన్నాయి. వీటిని లాభాపేక్ష లేని సంస్థ ఒకటి నిర్వహిస్తుంది. ఇంటి యజమానులు ఏటా రుసుము చెల్లించి, దాని పాలక మండలిని ఎన్నుకుంటారు. చలికాలములో ఉత్తరాది రాష్ట్రాల నుండి, కెనడా నుండి వచ్చేవారితో పట్టణము రద్దీగా ఉంటుంది.

స్వచ్ఛంద సేవ

స్థానిక పాలన కౌంటీ చేతిలో ఉన్నది. వీధుల పక్కన చెత్త ఏరి, చెట్లను సంరక్షించే పనిని ప్రైడ్స్ అనే సంఘము చేస్తుంది. షెరిఫ్ శాఖకు తోడుగా స్వచ్ఛంద గస్తీ దళము కూడా ఏర్పడినది. ఈ సేవకులు కూడా వృద్ధులే. ఒకరు చేయలేని స్థితికి వచ్చినప్పుడు ఆ పనిని కొత్తగా విరమణ పొందినవారు అందుకొనవలసి ఉంటుంది.

పాఠశాల పన్ను వివాదము

సన్ సిటీ మొదట పియోరియా పాఠశాల జిల్లాలో భాగముగా ఉండేది. పాఠశాలల కొరకు బాండ్లు జారీచేసే ప్రతిపాదనలను ఇక్కడి ఓటర్లు పలుమార్లు ఓడించారు. స్థిరాదాయముపై బ్రతికేవారికి పన్ను పెరగడము భారము. పొరుగున ఉన్న పిల్లలకు మాత్రము తరగతి గదులు అవసరము. చివరకు 1974లో సన్ సిటీని ఆ జిల్లా నుండి వేరుచేశారు. ఒకే వయసువారితో ఏర్పడిన పట్టణానికి ఇతర తరాల పట్ల ఎంత బాధ్యత ఉన్నదనే ప్రశ్నకు ఈ వివాదము ఉదాహరణగా నిలిచినది.