గోడ కూల్చాలా, గుమ్మం పెట్టాలా?

నాచారం పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ, ఉప్పల్‌లో ఆఫీసు. అక్కడి స్టాకు, ఇక్కడి బిల్లింగ్ ఒకేచోట కనబడాలి. యజమాని ఎవరినడిగినా ఒకటే సలహా: ‘‘బ్రిడ్జ్ చేసేయండి సార్.’’ ఆ మాట చుట్టూ అల్లుకున్న అపోహలు ఇవీ.

అపోహ: మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో పెడితే రెండు ఆఫీసులూ కలిసిపోతాయి.

వాస్తవం: పేరొకటే, పని వేరు. ఆ మోడ్‌లో మోడెమ్ తన రౌటర్ పని మానేసి, ఇంటర్నెట్‌ను మీ రౌటర్‌కు అప్పగిస్తుంది. అంతే. ఆఫీసులు కలవాలంటే మధ్యలో లీజ్డ్ లైనో, వైర్‌లెస్ లింకో, వీపీఎన్నో ఉండాలి.

అపోహ: అంతా ఒకే నెట్‌వర్క్ అయితే తలనొప్పి ఉండదు.

వాస్తవం: బ్రిడ్జింగ్ అంటే రెండిళ్ల మధ్య గోడ కూల్చడం. పొద్దున్నే నాచారంలో కంప్యూటర్ ఆన్ కాగానే ‘‘నాకో ఐపీ అడ్రస్ ఇవ్వండి’’ అని వేసే కేక ఉప్పల్‌లోనూ వినబడుతుంది. అక్కడి రౌటర్ ముందు పలికిందా, నాచారం ఉద్యోగి ఇంటర్నెట్ ఉప్పల్ చుట్టి వస్తుంది. రెండు రౌటర్లకూ 192.168.1.1 అడ్రసే ఉంటే గొడవ ముదురుతుంది. రౌటింగ్ అలా కాదు, అది గుమ్మం. ఉప్పల్‌కు 192.168.10, నాచారానికి 192.168.20 వరుసలు ఇస్తే ఎవరి కేకలు వారింట్లోనే ఉంటాయి. పనున్న డేటా మాత్రమే గడప దాటుతుంది.

అపోహ: రెండు లింకులు వేసి రెంటినీ బ్రిడ్జ్ చేస్తే ఇంకా భద్రం.

వాస్తవం: జాగ్రత్త పడకపోతే ఒక లింకులో వెళ్లిన కేక రెండో లింకులో తిరిగొచ్చి, ఆగకుండా తిరుగుతూ పెరుగుతుంది. నిమిషాల్లో రెండు ఆఫీసులూ స్తంభిస్తాయి. ఈ చిక్కుకు 1985లో రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ పద్ధతిని రూపొందించారు. అది రెండో దారిని మూసి ఉంచి, మొదటిది తెగినప్పుడే తెరుస్తుంది.

అపోహ: బ్రిడ్జ్ చేస్తే పక్క గదిలో ఉన్నంత వేగం.

వాస్తవం: అకౌంట్స్ ఫైలు తెరవడానికి 2,000 చిన్న ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్లాలనుకుందాం. ఒక్కోదానికి జవాబు పక్క గది నుంచి అర మిల్లీసెకనులో వస్తే మొత్తం ఒక సెకను, రెండో ఆఫీసు నుంచి రావడానికి 10 మిల్లీసెకన్లు పడితే 20 సెకన్లు. ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా ఈ ఆలస్యం పోదు. ఫైలును ఉప్పల్‌లోనే ఉంచి, నాచారం నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో పని చేయడం మేలు.

అపోహ: డాబా నుంచి డాబా కనబడితే వైర్‌లెస్ లింకు సిద్ధమే.

వాస్తవం: 5.8 గిగాహెర్ట్జ్‌లో మూడు కిలోమీటర్ల లింకుకు, చూపు రేఖ చుట్టూ నడిమధ్యన ఆరు మీటర్లకు పైగా ఖాళీ ఉంటే మంచిది. దారిలో ఒక కొత్త అంతస్తు లేచినా సిగ్నల్ తగ్గుతుంది. 2018 అక్టోబరు నుంచి ఈ బ్యాండ్‌కు లైసెన్సు అక్కర్లేదు. పవర్ పరిమితులు మాత్రం ఉన్నాయి.

బ్రిడ్జింగ్ అసలు అక్కర్లేదని కాదు. ఒకదాన్నొకటి కేక వేసి తప్ప గుర్తించలేని పాత యంత్రాలుంటే అదే దారి. అలాంటిదేదైనా మీ దగ్గరుందా అన్నది ముందు తేల్చుకోండి. లేకపోతే గోడ జోలికి వెళ్లకండి.