పోలీసుచర్య తరువాత: న్యాయమునకు సాక్షులెవరు?

జహీరాబాదు ప్రాంతమున గల ఝరాసంగములో కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయము సుప్రసిద్ధము. తెలుగు, కన్నడము, మరాఠీ మాటలాడు భక్తులు అక్కడి పుష్కరిణిలో స్నానమాడి స్వామిని సేవింతురు. శివునిముందు అబద్ధపు సాక్ష్యము పలికినందున మొగలిపువ్వు పూజకు దూరమైనదని పురాణము చెప్పును. కాని ఝరాసంగములో ఆ పువ్వు స్వామి పూజకు తగినదేయని ప్రతీతి. సాక్షి చేసిన తప్పునకు శిక్షయు, ఆ శిక్షకు ఒకనాటికి విమోచనమును కలవని ఈ స్థలమాహాత్మ్యము సూచించుచున్నది.

ఈ క్షేత్రమునకు కొంతదూరమున షోలాపూరు నుండి హైదరాబాదునకు పోవు రాజమార్గము కలదు. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము హైదరాబాదు సంస్థానములో ప్రవేశించినప్పుడు, మేజర్ జనరల్ జె. ఎన్. చౌదురి నాయకత్వమున ప్రధానసేన నల్‌దుర్గు, జహీరాబాదుల మీదుగా ఈ మార్గముననే నడచినది. యుద్ధము అయిదు దినములలో ముగిసినది. కాని ఓడిన రాజ్యములో న్యాయమును ఎవరు నెలకొల్పవలెను? ఆర్థికవ్యవస్థను ఎవరు సరిదిద్దవలెను? ఆ పనిని బయటివారు పర్యవేక్షింపవచ్చునా? ఈ ప్రశ్నలు అయిదు దినములలో తీరునవి కావు.

నిజాం ప్రభుత్వము ఆగస్టులోనే ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసియుండెను. మండలి పారిస్ నగరమున సెప్టెంబరు 16న దానిని విచారణకు స్వీకరించినది. హైదరాబాదు స్వతంత్రరాజ్యము కాదనియు, ఇది ఇంటి విషయమనియు భారతప్రతినిధి రామస్వామి మొదలియారు వాదించినారు. మరునాడే నిజాం యుద్ధవిరమణకు ఒప్పుకొనెను. కొలది దినములకు ఫిర్యాదును ఉపసంహరించుకొనుచున్నట్లు తంతి పంపెను. 1949 మే నెలలో మండలిలో మరల ప్రసంగములు జరిగినవి. అయినను ఏ తీర్మానమును వెలువడలేదు. ఐక్యరాజ్యసమితి పరిశీలకసంఘమేదియు హైదరాబాదునకు రాలేదు. సంస్కరణభారము, న్యాయభారము రెండును ఢిల్లీ ప్రభుత్వముపైననే పడినవి.

ఆర్థికసంస్కరణలు వేగముగా ఆరంభమైనవి. అంతకుముందు సంస్థానభూమిలో సుమారు పదియవవంతు నిజాం సొంత సర్ఫెఖాస్ ఆస్తి. మూడవవంతునకు దరిదాపుగా జాగీరుదారుల అధీనము. జాగీరులలో రైతు కట్టు శిస్తునకు గాని, చేయు వెట్టికి గాని అడ్డు అడిగెడివాడు లేడు. 1949లో సర్ఫెఖాస్ భూములు ప్రభుత్వపరమైనవి. అదే సంవత్సరము ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనము వచ్చినది. 1950 జూనులో కౌలుదారీ చట్టము వెలువడి, రక్షిత కౌలుదారు అను హోదాను నిలువరించినది. ఏడు హాలీ రూపాయలకు ఆరు భారతరూపాయల చొప్పున మారకము సాగిన ఉస్మానియా సిక్కా క్రమముగా కనుమరుగైనది. సంస్థానపు సుంకములు, కరోడ్‌గిరి నాకాలు తరువాతి సంవత్సరములలో తొలగిపోయినవి.

అయితే శాసనమునకును చేనునకును నడుమ దూరము చాల గలదు. కాగితముపై హక్కు పొందిన కౌలుదారులలో అనేకులు ఆచరణలో బేదఖలుకు గురియైరి. మరికొందరు "స్వచ్ఛందముగా" భూమిని వదలుకొన్నట్లు వ్రాసి యిచ్చిరి. జాగీర్దారీ రద్దు ఫలితములను పరిశీలించి 1958లో ఆర్థికశాస్త్రవేత్త ఎ. ఎమ్. ఖుస్రో వెలువరించిన గ్రంథము ఈ సంగతిని సవిస్తరముగా చూపినది. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఎవరి పేరున్నదను ప్రశ్న దశాబ్దముల తరువాత కూడ తెలంగాణపు భూవివాదములలో వినవచ్చినది. ఊరిలో పట్వారీ వ్రాతను తనిఖీ చేయువాడు లేనిచోట రాజధానిలోని సంస్కరణకు బలము తక్కువ.

న్యాయము సంగతి మరింత కఠినమైనది. పోలీసుచర్యకు ముందు రజాకార్లు పల్లెలను దోచి, దహించి, హత్యలు చేసిరి. వారి నాయకుడు ఖాసిం రజ్వీ విచారణకు నిలిచి శిక్షపడి, 1957లో విడుదలై పాకిస్తానునకు వెడలెను. కాని పోలీసుచర్య సమయమునను, ఆ తరువాతను ముస్లిం ప్రజలపై జరిగిన హింస మాట యేమి? దానిని తెలిసికొనుటకు పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో కూడిన సంఘమును ప్రభుత్వమే పంపినది. 1948 చివరను వారు సంస్థానమున పర్యటించిరి. మృతులు 27,000 నుండి 40,000 వరకు ఉందురని వారి అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అత్యధికముగా నష్టపోయినవని వారు వ్రాసిరి. జహీరాబాదు తాలూకా ఆనాడు బీదరు జిల్లాలోనిదే. 1956లో రాష్ట్రముల పునర్విభజనతో అది మెదకు జిల్లాలో చేరినది. ఆ నివేదిక ప్రజల కంటబడలేదు. 2013 నాటికి గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున పరిశోధకులకు అందలేదు. సాక్ష్యము చెప్పినవారిలో ఎందరు అంతవరకు జీవించియుందురు?

మరియొక ఉదాహరణము తెలంగాణ రైతాంగపోరాటమునకు సంబంధించినది. హత్యానేరములపై పన్నెండుగురు రైతులకు ప్రత్యేక న్యాయస్థానము 1949 ఆగస్టులో ఉరిశిక్ష విధించెను. డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు దానిని స్థిరపరచెను. విదేశములలోను నిరసనలు చెలరేగినవి. తరువాత కెన్యాలో జోమో కెన్యాట్టా పక్షమున వాదించిన ఆంగ్లన్యాయవాది డి. ఎన్. ప్రిట్ ఢిల్లీకి వచ్చి సుప్రీంకోర్టులో వీరి కొరకు నిలిచెను. కాని 1950 జనవరి 26కు ముందు హైదరాబాదు న్యాయస్థానములు భారతభూభాగములోని న్యాయస్థానములు కావు గనుక ఆ తీర్పులపై అప్పీలు చెల్లదని కోర్టు నిర్ణయించెను. పారిస్‌లో హైదరాబాదు మన ఇంటి విషయము. ఉరికంబము ఎక్కవలసినవానికి మాత్రము ఆనాటి హైదరాబాదు పరాయిచోటు! రెండు వాదములును వేర్వేరు న్యాయసూత్రముల ననుసరించినవే. అయినను రెంటి నడుమ చిక్కినవాడు పేదరైతు. చివరకు ఆ ఉరిశిక్షలు యావజ్జీవ కారాగారశిక్షలుగా మారినవి.

బయటివారి పర్యవేక్షణ యున్నచో అంతయు చక్కబడెడిదా? బోస్నియా చరిత్ర చూడవలెను. 1995లో డేటన్ ఒడంబడికతో అచట యుద్ధము ముగిసినది. యుద్ధనేరములను 1993లో ఐక్యరాజ్యసమితి స్థాపించిన అంతర్జాతీయ న్యాయస్థానము విచారించినది. ఒడంబడిక అమలును చూచుటకు ఒక విదేశీయుడు ఉన్నతప్రతినిధిగా నియమితుడయ్యెను. 1997 డిసెంబరులో బాన్ నగరమున జరిగిన సమావేశము తరువాత, శాసనములు విధించుటకును, ఎన్నికైన అధికారులను తొలగించుటకును ఆయనకు అధికారము లభించినది. కేంద్రబ్యాంకు తొలి గవర్నరును అంతర్జాతీయ ద్రవ్యనిధి నియమింపవలెననియు, అతడు ఆ దేశపౌరుడు కారాదనియు రాజ్యాంగమే నిర్దేశించినది. నాణెము నిలుకడ పొందినది, నేరస్థులు బోనెక్కినారు. కాని ప్రజలు ఎన్నుకొనని వ్యక్తి చేసిన శాసనమునకు ప్రజలు ఎవరిని నిలదీయవలెను? ఆ చిక్కును బోస్నియా సులభముగా విడదీయలేకపోయినది.

ఒకచోట బయటివారికి ప్రవేశము లేదు. మరియొకచోట వారికి సర్వాధికారము. రెండుచోట్లను సామాన్యుడు కోరినవి ఒకటే: తన పేరు పహాణీలో సరిగా ఉండుట, తాను నిందితుడైనచో తన పక్షమున వాదించువాడు ఉండుట, తన ఇంట జరిగిన చావు లెక్కకు వచ్చుట. ఈ మూడింటిని స్వదేశపు సంస్థలే నెరవేర్చినచో పరాయి పర్యవేక్షణ అక్కరలేదు. నెరవేర్చక నివేదికలను బీరువాలలో దాచినచో, ఇది మా ఇంటి విషయమను మాటకు విలువ తరుగును.

పురాణములో మొగలిపువ్వునకు శిక్షపడినది అబద్ధము పలికినందులకు. నిజము పలికిన సాక్షుల మాటను అరువది యయిదేండ్లు మూసియుంచినవారికి శిక్ష ఏ పురాణములోను వ్రాయబడలేదు. విద్యార్థులు చరిత్రపుస్తకములలో పోలీసుచర్యను గూర్చి చదువునప్పుడు, ఆ అయిదు దినములతోపాటు వాని తరువాతి సంవత్సరములను కూడ చదువవలసియున్నది.