ఎడిసన్ పట్టణము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ అను శివారు పట్టణము కలదు. న్యూయార్కు మహానగరమునుండి రైలులో సుమారు గంట ప్రయాణము. థామస్ ఆల్వా ఎడిసన్ 1876లో ఇచ్చటి మెన్లో పార్కున ప్రయోగశాల నెలకొల్పి, విద్యుద్దీపమును లోకోపయోగముగా తీర్చిదిద్దెను. అయినను ఆయన పేరు ఊరికి వచ్చినది 1954లోనే. అంతకు పూర్వము దీనిని రారిటన్ అని పిలిచెడివారు.

నేడు ఇచ్చటి ఓక్ ట్రీ రోడ్డు వెంట నడచువానికి తెలుగు మాట వినబడుట వింత కాదు. కందిపప్పు, ఊరగాయలు, పట్టుచీరలు, బంగారు నగలు అమ్ము అంగళ్లు అచ్చట బారులు తీరి యున్నవి. డెబ్బది యేండ్ల క్రిందట ఈ ఊరివారు ఇట్టి వీథిని కలనైన ఊహించి యుండరు.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా నగరవాసులు వేలకొలదిగా శివారులకు తరలిరి. 1948లో ఫోర్డు కంపెనీ ఇచ్చట మోటారు కార్ల కర్మాగారమును తెరచెను. 1950లో 16,348గా నున్న జనసంఖ్య 1960 నాటికి 44,799 అయ్యెను. వచ్చినవారిలో అత్యధికులు ఐరోపా సంతతివారు. కర్మాగారమున పనిచేయు ఒక్కని జీతముతో ఇల్లు కొని పిల్లలను చదివించుట సాధ్యమైన దినములవి.

అప్పటికి భారతీయులకు అమెరికాలో స్థిరపడు వీలు బహు స్వల్పము. 1946 చట్టము ఏటికి నూరుగురు భారతీయులకు మాత్రమే చోటిచ్చినది. 1965లో వెలువడిన వలస చట్టము దేశమునుబట్టి విధించిన ఆ పాత కట్టడిని తొలగించి, నిపుణులకును, అచ్చటివారి బంధువులకును ప్రవేశము కల్పించినది. వైద్యులు, ఇంజనీర్లు రాజొచ్చిరి. 1990 చట్టముతో హెచ్-1బి అను తాత్కాలిక ఉద్యోగానుమతి ఏర్పడగా, కంప్యూటరు విద్య నేర్చిన తెలుగు యువకులు పెక్కుమంది ఆ దారిని పోయిరి. 2000లో ఎడిసన్ జనులలో నూటికి సుమారు 18 మంది భారత సంతతివారు. 2010 నాటికి 28 మంది.

వారు ఈ ఊరినే ఏల కోరిరి? రైలు సదుపాయ మొకటి, బడులు మరొకటి. న్యూజెర్సీలో బడుల ఖర్చులో పెద్ద భాగము ఇంటి పన్నునుండి వచ్చును. బడి మంచిదని పేరు వచ్చినచో ఇంటి వెల పెరుగును. ఆ వెల ఈయగలవారే క్రొత్తగా రాగలరు. జీతము మానిన వృద్ధుడు మాత్రము అదే ఇంట నుండి, పెరిగిన పన్నును పింఛనులోనుండి చెల్లింపవలెను.

ఇక ఆదాయము. జనాభా లెక్కలలో కుటుంబముల ఆదాయమును వరుసగా పేర్చి, నడుమ నున్న దానిని మధ్యగతముగా గ్రహింతురు. ఒక వీథిలో ఐదిండ్లు కలవనుకొందము. వాని ఆదాయములు 20, 30, 40, 60, 90 వేలు. మధ్యగతము 40. ముప్పది వేలవాడు ఇల్లమ్మి పోగా ఎనుబది వేలవాడు వచ్చెను. ఇప్పుడు వరుస 20, 40, 60, 80, 90, మధ్యగతము 60! మిగిలిన నాలుగిండ్లలో ఒక్కరికిని ఒక్క కాసు పెరుగలేదు. వీథి మాత్రము కలవారి వీథి యనిపించుకొన్నది.

ఎడిసన్‌లో ఈ మధ్యగతము 1999లో సుమారు 70 వేల డాలర్లు. 2010 లెక్కలో 87 వేలు. చూచుటకు ఇది మంచి పెరుగుదలయే. కాని ఆ నడుమ ధరలు నూటికి సుమారు 30 వంతులు పెరిగినవి. వానితో సరితూగుటకు 91 వేలు కావలెను. 2008 నాటి ఆర్థిక మాంద్యము కూడ ఆ నడుమనే వచ్చినది. వచ్చినవారందరు కలవారే యనుకొనుట తొందరపాటు.

ఒక్కొక్క ఇంట సంపాదించువా రెందరో మధ్యగతము చెప్పదు. హెచ్-1బి ఉద్యోగి భార్యకు, ఆమె ఎంత చదివినదైనను, పనిచేయు హక్కు లేకుండెడిది. భర్తకు శాశ్వత నివాసపు దరఖాస్తు కొంత ముందునకు సాగిన వారికి మాత్రము 2015లో ఆ అనుమతి లభించినది. అంతవరకు పెక్కిండ్లు, పాత కర్మాగారపు కార్మికుని ఇంటివలెనే, ఒక్క జీతముతో నడచినవి. అంగళ్లలో మూటలు మోయువారు, భోజనశాలలలో వంటవారు ఎట్లును వరుసకు క్రింది కొసనే యుందురు.

ఫోర్డు కర్మాగారము 2004లో మూతపడినది. ఆ స్థలమున ఇప్పుడు విక్రయశాలలు వెలసినవి. 2020లో పట్టణ జనసంఖ్య 1,07,588. 2021 ఎన్నికలలో గెలిచి, భారత సంతతికి చెందిన సామ్ జోషి 2022 జనవరిలో ఆ పట్టణపు మేయరుగా ప్రమాణము చేసెను.