అన్నం తినగానే కళ్లు తిరుగుతున్నాయా? భుక్తాయాసం అని వదిలేయకండి.. బీపీ పడిపోతుండొచ్చు!

మధ్యాహ్నం కడుపునిండా భోంచేసి, చెయ్యి కడుక్కుందామని లేచిన పెద్దాయన ఒక్కసారిగా తూలిపడతారు. ఇంట్లోవాళ్లేమో 'భుక్తాయాసంలే' అని పడుకోబెట్టేస్తారు. కానీ ఆ సమయంలో బీపీ చూస్తే బాగా తగ్గిపోయి ఉండొచ్చు. తిన్న రెండు గంటల్లోపు పై బీపీ, అంటే సిస్టోలిక్, 20 పాయింట్లు లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే వైద్యులు దాన్ని 'పోస్ట్‌ప్రాండియల్ హైపోటెన్షన్' అంటారు.

అసలేం జరుగుతుంది?

తిన్నది అరగాలంటే పేగులకు రక్తం ఎక్కువగా కావాలి. అందుకే అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి. మామూలుగా అయితే గుండె వేగం పెంచుకుని, మిగతా చోట్ల రక్తనాళాలు బిగుసుకుని బీపీని నిలబెడతాయి. వయసు పైబడినవారిలో, ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో, పార్కిన్సన్స్ రోగుల్లో ఈ సర్దుబాటు సరిగ్గా జరగదు.

హార్మోన్ల పాత్ర ఏంటి?

ఆహారం పేగుల్లోకి చేరగానే అక్కడి కణాలు రకరకాల హార్మోన్లు వదులుతాయి. వీటిలో న్యూరోటెన్సిన్ లాంటివి రక్తనాళాలను వదులు చేస్తాయి. జీఎల్‌పీ-1 మాత్రం బ్రేకులా పనిచేస్తుంది. పొట్ట నెమ్మదిగా ఖాళీ అయ్యేలా చూస్తుంది. ఇక్కడే అసలు కిటుకు ఉంది. పొట్టలోంచి పేగుల్లోకి చక్కెర ఎంత వేగంగా దిగితే, బీపీ అంత ఎక్కువగా పడిపోతుంది. అకార్బోజ్ అనే షుగర్ మాత్ర పిండిపదార్థాల అరుగుదలను నెమ్మది చేస్తుంది, జీఎల్‌పీ-1ను పెంచుతుంది. తిన్నాక బీపీ పడిపోయే సమస్య కూడా దీనితో తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. అయితే డాక్టర్ చెప్పకుండా ఈ మాత్ర వాడకూడదు.

ఇంట్లో ఏం చేయొచ్చు?

* భోజనానికి ముందు ఒకసారి, తిన్న అరగంటకు, గంటకు, రెండు గంటలకు బీపీ చూసి రాసి పెట్టుకోండి. డాక్టర్‌కు ఇదే పెద్ద ఆధారం.
* ఒకేసారి కడుపు నిండా కాకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. తెల్లన్నం, స్వీట్లు తగ్గించండి.
* తినేముందు ఒకటిన్నర గ్లాసు నీళ్లు తాగితే మేలు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం డాక్టర్‌ను అడిగాకే తాగాలి.
* తిన్న వెంటనే లేవకుండా కాసేపు కూర్చోండి. భోజనంతో మద్యం వద్దు.
* బీపీ మాత్రలు ఏ టైమ్‌కి వేసుకోవాలో డాక్టర్‌ను అడగండి. సొంతంగా మానేయొద్దు.

పెద్దవాళ్లకు కళ్లు తిరగడం చిన్న విషయమే అనిపించొచ్చు. కానీ అలా పడినప్పుడు తుంటి ఎముక విరిగితే మంచానికే పరిమితం కావాల్సి వస్తుంది. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.