వార్తల్లో పదం: సముద్ర మందుపాతర

మందుపాతర అనగానే మనకు భద్రాచలం అడవి దారులే గుర్తొస్తాయి. కడలి అడుగునా అదే ఆయుధం పొంచి ఉంటుంది. దాని అసలు బలం పేలుడు కన్నా అనుమానంలోనే ఉంది. అలాగని పేలుడూ తక్కువేమీ కాదు: 1988 ఏప్రిల్ 14న పర్షియన్ గల్ఫ్‌లో ఇరాన్ మైన్ (సముద్ర మందుపాతర) తగిలి అమెరికా యుద్ధనౌక శామ్యూల్ బి. రాబర్ట్స్ వెన్నెముక లాంటి కీల్ విరిగింది, ఇంజిన్ గదిలోకి నీరు చేరింది. మైన్ ఖరీదు కొన్ని వేల డాలర్లకు మించదు. మరమ్మతుకు దాదాపు 9 కోట్ల డాలర్లయింది. కొన్ని మైన్లకైతే ఓడ తాకాల్సిన పనీ లేదు. విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించగా 2025 మేలో పరీక్షించిన మైన్ ఓడ శబ్దాన్ని, అయస్కాంత ప్రభావాన్ని, నీటి పీడనాన్ని పసిగడుతుంది.

ఏరేస్తే సరిపోదా అంటారు. ఏరవచ్చు, కానీ ఒక్కటీ మిగల్లేదని తేలేదాకా రేవు మూతే. పైగా మైన్లు ఏరే మన చివరి ఓడ (మైన్‌స్వీపర్) ఐఎన్‌ఎస్ కోజికోడ్ 2019లోనే సేవల నుంచి తప్పుకుంది. మైన్లు వేయడం నేర్చినంత శ్రద్ధగా తీయడమూ నేర్వాలి.